పియానోల పోటీలో మరుగునపడ్డ కాందిశీకులు

1837లో పారిస్‌లో కాయకష్టం చేసుకునే మనిషికి రోజుకు మూడు నాలుగు ఫ్రాంకులు వస్తే అదే ఎక్కువ. ఆ ఏడాది మార్చి 31న ప్రిన్సెస్ క్రిస్టీనా బెల్జొయొజో ఇద్దరు పేరున్న పియానో విద్వాంసులతో తన ఇంట్లో ఏర్పాటు చేసిన కచేరీకి టికెట్టు ధర 40 ఫ్రాంకులు, అంటే పది రోజుల కూలికి పైమాటే. అంతకు తొమ్మిది నెలల ముందు మొదలై, సగం ధరకే వస్తోందని నగరమంతా చెప్పుకున్న 'లా ప్రెస్' దినపత్రికకు ఏడాది చందా కూడా సరిగ్గా 40 ఫ్రాంకులే. ఒక పూట సంగీతానికీ, ఏడాది పొడవునా ఇంటికొచ్చే పత్రికకూ ఒకటే ధర! ఈ పోలిక కావాలనే తెస్తున్నాను. ఎందుకంటే ఆ ఖరీదైన టికెట్లకు గిరాకీ తెచ్చిపెట్టింది పత్రికలే.

ఆ రోజుల్లో పారిస్‌లో 'సహాయార్థ కచేరీ' అంటే చాలావరకు కళాకారుడి సొంత సహాయార్థమే. హాలు అద్దె, దీపాల ఖర్చు పోగా మిగిలింది వాయించినవాడికో పాడినవాడికో చెందేది. బెల్జొయొజో కచేరీ అలాంటిది కాదు. అది ఇటలీ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పాటైంది. 1831లో మోడెనా, పార్మా, బొలోన్యా పట్టణాల్లో జనం తిరగబడ్డారు. అప్పట్లో ఉత్తర ఇటలీ మీద పెత్తనం చేస్తున్న ఆస్ట్రియా సైన్యం ఆ తిరుగుబాట్లను అణిచివేసింది. తప్పించుకున్నవాళ్లలో ఎందరో ఫ్రాన్స్ చేరారు. వాళ్లలో న్యాయవాదులున్నారు, అధ్యాపకులున్నారు, కవులున్నారు. సొంత ఊళ్లో పేరూ ప్రతిష్ఠా ఉన్నవాళ్లే పరాయి నగరంలో పూట గడవక తిప్పలు పడ్డారు.

ప్రిన్సెస్‌కు వాళ్ల కష్టం ఎవరో చెబితే తెలిసింది కాదు. 1808లో మిలాన్‌లో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టిన ఆమె, ఇటలీ విముక్తి కోరే బృందాలకు అండగా నిలిచినందుకు ఆస్ట్రియా ప్రభుత్వం ఆమె ఆస్తిని జప్తు చేసింది. పారిస్‌కు వచ్చిన కొత్తలో ఐదో అంతస్తు గదుల్లో చేతిపనులు చేసుకుంటూ గడిపింది. ఆస్తి తిరిగి చేతికొచ్చాక ఆమె ఇల్లు కవులకూ సంగీతకారులకూ కూడలి అయింది. ఆమెను పియానోల పోటీ పెట్టించిన విలాసవంతురాలిగా మాత్రమే చిత్రించే రచనలు చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. 1849లో రోమ్ నగరాన్ని ఫ్రెంచి సైన్యం ముట్టడించినప్పుడు క్షతగాత్రుల ఆసుపత్రులను దగ్గరుండి నడిపించింది ఈమే.

ఇక పోటీ సంగతి. పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ స్విట్జర్లాండ్‌లో ఉన్న రోజుల్లో సిగిస్మండ్ థాల్‌బెర్గ్ అనే మరో పియానో విద్వాంసుడు పారిస్‌కు వచ్చి శ్రోతలను కట్టిపడేశాడు. అతని వాద్యంలో ఒక కొత్త కిటుకు ఉంది. రాగాన్ని పియానో మధ్య భాగంలో రెండు బొటనవేళ్లతో, ఒకదాని నుంచి ఇంకొకదానికి అందిస్తూ పలికిస్తాడు. మిగిలిన వేళ్లు ఆ రాగానికి పైనా కిందా స్వరాలను జల్లులా కురిపిస్తూనే ఉంటాయి. కాలి కింది పెడల్ రాగాన్ని తెగకుండా పట్టి ఉంచుతుంది. కళ్లు మూసుకుని వింటే మూడు చేతులు వాయిస్తున్నట్టే ఉంటుంది. ఇంత చేస్తూ మనిషి మాత్రం కదలడు, మెదలడు. లిస్ట్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. అతను వాయిస్తుంటే ఒళ్లంతా వాయించేది.

ఈ తేడా సంగీతంలోని తేడాగానే మిగిలిపోవచ్చు. దాన్ని పోరుగా మార్చింది అచ్చు. 1837 జనవరి 8న 'రెవ్యూ ఎ గజెత్ మ్యూజికాల్' పత్రికలో లిస్ట్ స్వయంగా థాల్‌బెర్గ్ రచనలను విమర్శిస్తూ వ్యాసం రాశాడు. వాటిలో ఆర్భాటమే తప్ప సారం లేదని తేల్చేశాడు. పోటీలో ఉన్నవాడే తీర్పరిగా కూర్చోవడం ఏ కొలతతో చూసినా సరికాదు. ఆ పత్రిక యజమాని ష్లెసింజర్ సంగీత రచనలు అచ్చువేసి అమ్మే వ్యాపారి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మార్చి 12న థాల్‌బెర్గ్ సంగీత కళాశాల అయిన కన్సర్వేటరీ హాలులో వాయించాడు. సరిగ్గా వారానికి, 19న, లిస్ట్ ఏకంగా సంగీత నాటకాలాడే ఒపేరా భవనంలో వాయించాడు. పెద్ద పెద్ద బృందాల కోసం కట్టిన ఆ వేదిక మీద ఒంటరి పియానోతో నెగ్గుకురావడమే ఒక సాహసం.

సరిగ్గా ఇక్కడే ప్రిన్సెస్ ఇద్దరినీ ఒకే రోజు ఒకే చోట కూర్చోబెట్టింది. మార్చి 26న అదే సంగీత పత్రిక ఆ కచేరీని ప్రకటిస్తూ, ఈ ఇద్దరి పోటీని రోమ్, కార్తేజ్ నగరాల మధ్య ఎటూ తేలని పోరుతో పోల్చింది. ఆ పోలిక చాలు, టికెట్టు కొనడానికి. థాల్‌బెర్గ్ రొస్సీని ఒపేరా 'మోసెస్' బాణీల మీద స్వేచ్ఛగా అల్లిన ఫాంటసీ అనే రచన వాయించాడు. లిస్ట్ పాచీని ఒపేరా 'నియోబే' మీద అల్లినది వాయించాడు.

'జూర్నాల్ దె దెబా' పత్రికలో విమర్శకుడు జూల్ జానాన్ రాసిన సమీక్ష ఈనాటికీ ఉటంకింపుల్లో బతికే ఉంది. దాని భాషను గమనించాలి. అతనికి ఆ హాలు ఒక బరి. కచేరీ గొప్ప ద్వంద్వయుద్ధం. శ్రోతలు ప్రాచీన ఏథెన్స్ న్యాయసభ. చివరికి ఇద్దరూ విజేతలేనని, ఓడినవాడు లేడని చెప్పి, తగవు ఇంకా న్యాయమూర్తి ముందే ఉందన్న రోమన్ కవి హొరేస్ లాటిన్ పంక్తితో ముగించాడు. తీర్పు చెప్పకపోవడంలో ఉన్న లాభం అతనికి బాగా తెలుసు. తేలిపోయిన తగవు గురించి మరునాడు ఎవరూ చదవరు. మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 23న, సంగీత విమర్శకుడు ఫెతిస్ మళ్లీ ఆ తగవును తిరగదోడాడు. లిస్ట్ ముగిసిపోతున్న సంప్రదాయానికి చెందినవాడని, కొత్త సంప్రదాయపు మనిషి థాల్‌బెర్గేనని రాశాడు. ప్రిన్సెస్ అన్నట్టుగా చెప్పే మాట, 'థాల్‌బెర్గ్ ప్రపంచంలో మొదటి పియానిస్టు, లిస్ట్ ఒకే ఒక్కడు' అన్నది, రకరకాల రూపాల్లో పుస్తకం నుంచి పుస్తకానికి పాకింది.

పత్రికలు రగిల్చిన ఉత్సాహం వల్లే ఆ హాలు నిండిందని ఒప్పుకోవాలి. ప్రిన్సెస్‌కు ఆ సంగతి తెలుసు, తెలిసే వాడుకుంది. అందులో నాకు తప్పేమీ కనిపించదు. ఆకలితో ఉన్నవాడికి డబ్బు ఏ ఉత్సాహంలోంచి వచ్చినా అన్నమే అవుతుంది. నా బాధ వేరు. ఆ రోజు ఎవరు ఏమి వాయించారో నూటెనభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నాం. ఎవరి కోసం వాయించారో మాత్రం ఒక ఉపవాక్యంలో సర్దేస్తున్నాం. ఆ కాందిశీకులు ఏ ఊళ్లలో తిరగబడ్డారో, ఏమి కోరి తిరగబడ్డారో ఆ సమీక్షను ఉటంకించే పుస్తకాల్లో సైతం అరుదుగా కనిపిస్తుంది.

వాళ్లను పాటలోనే పొదగాలని ప్రిన్సెస్ ప్రయత్నించిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ సందర్భం కోసం ఆమె ఆరుగురు సంగీతకారుల చేత ఒకే బాణీని రకరకాలుగా మార్చి వాయించే రచన, అంటే తలా ఒక 'వేరియేషన్', రాయించబూనుకుంది. లిస్ట్, థాల్‌బెర్గ్, పిక్సిస్, హెర్ట్జ్, చెర్నీ, షొపాన్ ఆ ఆరుగురు. 'హెక్సమెరాన్' అన్న ఆ రచన కచేరీ నాటికి సిద్ధం కాలేదు. కానీ ఎంచుకున్న బాణీ ఏది? బెల్లిని చివరి ఒపేరా 'ఇ పురితాని'లోని కవాతు పాట. 1835 జనవరిలో పారిస్‌లోనే తొలిసారి ప్రదర్శించిన ఆ ఒపేరాకు మాటలు రాసిన కార్లో పెపోలి 1831 బొలోన్యా తిరుగుబాటులో పాల్గొని ప్రవాసం వచ్చినవాడు, అంటే కాందిశీకుల్లో ఒకడు. స్వేచ్ఛ అని నినదిస్తూ చావును ఎదుర్కోవడం అందమైనదని ఆ పాట చెబుతుంది. ఇటలీలో ప్రదర్శనలకు వచ్చేసరికి సెన్సారు భయానికి 'స్వేచ్ఛ' తీసేసి 'విధేయత' అని మార్చాల్సి వచ్చింది. ఇటాలియన్‌లో ఆ రెండు మాటలకూ తేడా రెండు మూడు అక్షరాలే. పారిస్‌లో ఆ బాణీ వింటే చాలు, ఏ మాట ఎక్కడ నిషేధమో ప్రతి ఇటాలియన్ ప్రవాసికీ గుర్తొచ్చి ఉండాలి.

'హెక్సమెరాన్' 1839లో అచ్చయింది. ముఖపత్రం మీద ఆరుగురి పేర్లూ ఉన్నాయి, బెల్లిని పేరుంది, ప్రిన్సెస్ బెల్జొయొజో కచేరీ కోసం రాసినదన్న వివరమూ ఉంది. ఆ కచేరీ ఎవరికోసమో చెప్పాల్సిన చోట మాత్రం 'పేదల సహాయార్థం' అని వేశారు.