హమాక్‌ను బిగించి కట్టకండి

"హమాక్‌లో పడుకున్నాను, నడుము పట్టేసింది, ఇక దాని జోలికి వెళ్లను" అనే మాట ఈ మధ్య చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటోంది. తప్పు హమాక్ అనే ఈ గుడ్డ ఊయలదీ కాదు, మీ నడుముదీ కాదు. రెండు చెట్ల మధ్య దాన్ని బట్టలారేసే తీగలా లాగి కట్టారు. ప్రకటనల్లో బొమ్మలన్నీ అలాగే ఉంటాయి: బల్లలా చదునుగా బిగిసిన గుడ్డ, దాని మీద నవ్వుతూ ఒక మనిషి. నా కోపమంతా ఆ బొమ్మల మీదే.

అడవిలో నా మొదటి రాత్రి కూడా ఆ బొమ్మను నమ్మి గడిపిందే. పొద్దు వాలుతుండగా చేరుకున్నాను. హమాక్ రెండు కొసలనూ చెట్లకు కట్టే పట్టీలను పంటి బిగువున లాగి కట్టాను. చేత్తో తడితే గుడ్డ డప్పులా మోగింది, బాగా కుదిరిందనుకున్నాను. ఎక్కి పడుకోగానే రెండు అంచులూ పైకి లేచి భుజాలను దగ్గరకు నొక్కేశాయి. పక్కకు ఒత్తిగిల్లితే మొత్తం ఊయలే తిరగబడేలా ఊగింది. తెల్లవారేదాకా కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాను. బిగిస్తే నడుము చదునుగా ఉంటుందని అందరూ అనుకుంటారు, కానీ జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

దీని వెనుక ఉన్న లెక్క చాలా చిన్నది, హమాక్ అమ్మే పెట్టె మీద అచ్చు వేయడానికి రెండు వాక్యాల చోటు చాలు. పట్టీ నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణం చేస్తే, ఒక్కో పట్టీ మీద పడే లాగుడు మీ బరువుతో సమానం. మీరు 70 కిలోలైతే అటు 70, ఇటు 70. అదే కోణాన్ని 10 డిగ్రీలకు తగ్గిస్తే ఒక్కో వైపు దాదాపు 200 కిలోలు. తీగలా లాగి 5 డిగ్రీలకు తెస్తే 400. మనిషి అదే, గుడ్డ అదే, పెరిగింది లాగుడే. పట్టీ తెగినా, కొక్కెం వంగినా, బలహీనమైన చెట్టు కదిలినా ఆ పాపం బిగింపుదే.

కోణం కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. చెట్టు పక్కన నిలబడి చూపుడు వేలిని హమాక్ వైపు నేలకు సమాంతరంగా చాచి, బొటనవేలిని నిటారుగా ఎత్తండి. ఆ రెండు వేళ్ల కొసలను కలిపే గీత ఎంత వాలుగా ఉందో, పట్టీ ఇంచుమించు అంత వాలుగా ఉంటే చాలు. చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల దూరం ఉండాలి. పట్టీని తల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా కట్టాలి. కూర్చున్నప్పుడు గుడ్డ కుర్చీ ఎత్తుకు దిగాలి. లోయ అంచున, ఏటి మీద, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా కట్టుకుని ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నా గుండె దడదడలాడుతుంది. నిద్రలో జారిపడితే లేచి నిలబడగలిగిన ఎత్తులోనే కట్టుకోవాలి.

వదులుగా కట్టాక ఇంకో మెలకువ ఉంది, అసలు సుఖమంతా అక్కడే ఉంది. నిలువునా పడుకోకూడదు, ఐమూలగా పడుకోవాలి. తల ఒక పక్కకు, కాళ్లు రెండో పక్కకు జరపాలి. గుడ్డలో ఉన్న వదులు అప్పుడు విచ్చుకుంటుంది. మోకాళ్ల వెనుక లాగుడు పోతుంది, వీపు ఇంచుమించు చదునుగా పరుచుకుంటుంది. రెండో రాత్రి నేను అలా ఒరిగిన క్షణం ఇప్పటికీ గుర్తుంది: భుజాల మీద బిగువు ఒక్కసారిగా సడలి, నోట మాట రాలేదు. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. ఊగడానికీ నిద్రకూ ఉన్న సంబంధం పసిపిల్లలతో ఆగిపోయేది కాదు. 2011లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మంది పెద్దవాళ్లను మెల్లగా ఊగే మంచం మీద 45 నిమిషాలు పడుకోబెట్టి చూశారు. కదలని మంచం మీద కంటే ఊగే మంచం మీద వాళ్లు త్వరగా నిద్రలోకి జారుకున్నారు.

అయితే అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది, వీపు కింద చలి. మంచి స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉన్నాను. ఇది కూడా ఎవరూ ముందుగా చెప్పని విషయం. దుప్పటిలో వెచ్చదనాన్ని నిలిపేది దాని పీచు మధ్య చిక్కిన గాలి. మన బరువు కింద ఆ పీచు అణిగిపోతే గాలి ఉండదు. దానికి తోడు గుడ్డ కింద నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది. బయట 20 డిగ్రీలున్నా వీపు చల్లబడుతుంది. అందుకే హమాక్ వాడేవాళ్లు దుప్పటిని అడుగున, గుడ్డకు బయట వేలాడదీస్తారు. దాన్ని అండర్‌క్విల్ట్ అంటారు. మీద బరువు పడదు కాబట్టి అది ఉబ్బినట్టే ఉంటుంది. అది లేకపోతే వీపు కింద నురుగు పరుపు వేసుకోవచ్చు, కాకపోతే రాత్రంతా జారుతూ విసిగిస్తుంది.

వాన సంగతి కూడా చెప్పాలి. పైన టార్పు, అంటే వాన ఆపే పట్టా, ఎంత బాగా కట్టినా, చెట్టు మీద నుంచి నీరు పట్టీ వెంట జారుతూ వచ్చి తల కింద గుడ్డను తడిపేస్తుంది. హమాక్‌కు జానెడు ముందు పట్టీకి చిన్న దారం ముడి వేసి, కొసను కిందికి వదలండి. మూడో రాత్రి చిన్న జల్లు పడినప్పుడు దీపం వేసి చూశాను. నీటి బొట్టు పట్టీ అడుగున పాకుతూ వచ్చింది, ముడి దగ్గర ఆగింది, దారం కొసన ఉబ్బి నేల మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇక చెట్ల గురించి. ఇక్కడ మెత్తగా మాట్లాడటం నా వల్ల కాదు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరే దారి బెరడుకు సరిగ్గా వెనకే ఉంటుంది. సన్నతాడు కట్టి మన బరువంతా వేలాడదీస్తే అది ఆ దారినే కోస్తుంది. 5 మిల్లీమీటర్ల తాడుకు బదులు 5 సెంటీమీటర్ల పట్టీ వాడితే అదే బరువు పది రెట్ల వెడల్పు మీద పరుచుకుంటుంది. తక్కువలో తక్కువ రెండున్నర సెంటీమీటర్లైనా ఉండాలి. అది కూడా సాగే నైలాన్ కాకుండా పాలియెస్టర్ అయితే మేలు. కట్టే ముందు తల ఎత్తి పైన ఎండుకొమ్మలు లేవని చూసుకోవాలి. ఎండిన చెట్టుకు అసలే కట్టకూడదు. చెట్లకు ఏదీ కట్టవద్దన్న నిబంధన ఉన్న చోట వాదన పెట్టుకోకుండా వెనక్కి రావాలి.

మూడో రోజు ఉదయం నా పట్టీ విప్పితే కింద బెరడు మామూలుగానే ఉంది, పచ్చని నాచు కాస్త అణిగింది. దాని పక్క చెట్టుకు మాత్రం ఎవరో వదిలేసి వెళ్లిన సన్నని నైలాన్ తాడు ఉంది. ముడి విప్పలేక కత్తితో కోశాను. దాని కింద వేలి గోరంత లోతు గాడి పడి ఉంది. గాడి అంచున కారిన జిగురు ఎండి నల్లబడింది. ఆ తాడు ముక్కను సంచిలో వేసుకుని తెచ్చాను. హమాక్ ఎలా కట్టాలని ఎవరైనా అడిగితే ముందు దాన్నే వాళ్ల చేతిలో పెడుతున్నాను.