గుడ్ మార్నింగ్‌కు మీటరు పెట్టండి

కేంద్ర ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకుని మొబైల్ డేటాను మళ్లీ పాత పద్ధతిలో, అంటే 10 కేబీకి 10 పైసల చొప్పున అమ్మించాలని డిమాండ్ చేస్తున్నాం. తమాషాకు అనడం లేదు. జీపీఆర్ఎస్ కాలంలో, అంటే పాత మీటల ఫోన్లలో నెట్ నత్తనడక నడిచిన రోజుల్లో, ఈ జనానికి ఉన్న క్రమశిక్షణను ఆ తర్వాత ఏ సర్కారూ, ఏ స్వామీజీ తేలేకపోయారు.

ముందు లెక్క చూద్దాం. హన్మకొండలో మా బావ ఒకాయన ఉన్నారు, రిటైర్డ్ హెడ్మాస్టరు. రోజూ పొద్దున అయిదింటికల్లా చుట్టాల గ్రూపులో ఒక గులాబీ పువ్వు పెడతారు. పువ్వు వెనక సూర్యుడు, సూర్యుడి కింద సూక్తి, సూక్తి కింద రెండు చాయ్ కప్పులు. బొమ్మ బరువు 200 కేబీ అనుకుందాం. పాత రేటులో 2 రూపాయలు. గ్రూపులో 60 మందిమి. పంపినందుకు ఆయనకు 2, తెరిచినందుకు మిగతా వాళ్లకు తలా 2. అంటే ఒక్క పువ్వుకు రూ.120. కరివేపాకు నమిలితే షుగర్ మాయమవుతుందని మధ్యాహ్నం వచ్చే వీడియో 20 ఎంబీ ఉంటుంది. ఎంబీకి 1,024 కేబీలు. మనిషికి రూ.204.80, గ్రూపు మొత్తానికి రూ.12,288. ఆ డబ్బుతో నిజంగానే షుగర్ టెస్టులు చేయించుకోవచ్చు. మీటరు ఉన్ననాడు మా బావ మిస్డ్ కాల్‌తోనే క్షేమం కనుక్కునేవారు. చుట్టరికాలు కూడా అప్పుడే బాగుండేవి.

ఇప్పుడు రోజుకు 1.5 జీబీ ఇస్తున్నారు. పాత లెక్కన అది రూ.15,728.64 విలువైన సరుకు. రాత్రి పన్నెండు దాటితే మురిగిపోతుందని, నిద్ర ఆపుకుని మరీ రీల్స్ చూసి దాన్ని ఖర్చు పెడుతున్నారు. 2016 సెప్టెంబర్‌లో జియో దిగినప్పటి నుంచి ఈ దేశంలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

పాత వ్యవస్థలో లోపాలే లేవని మేమూ అనం. ఒక్క కేబీ వాడినా పది కేబీల లెక్కే కట్టేవాళ్లు. మిర్చి బస్తాకు తరుగు తీసినట్టు కంపెనీ మన దగ్గర కేబీలకు తరుగు తీసేది. అయితే మనది వ్యవసాయ ప్రాంతం, తరుగు కొత్త కాదు కనుక ఎవరూ ధర్నాకు దిగలేదు.

ఇక సున్నా సంగతి. నోకియా ఫోన్లలో సున్నా మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే నెట్ తెరుచుకునేది. వరంగల్ ఎస్టీడీ కోడ్ 0870. సెల్లు నుంచి అక్కడి ల్యాండ్‌లైన్‌కు చేయాలంటే మొదట కొట్టాల్సింది సున్నాయే. నాగలి పట్టిన బొటనవేలు సున్నా మీద దిగిందంటే అంత తొందరగా లేవదు. ఇటు బాపు ఎనిమిది ఎక్కడుందా అని వెతుకుతుంటే అటు ఫోను ఇంటర్నెట్‌కు బయల్దేరేది. "అరేయ్, ఏందిరా ఇది, ఏదో తిరుగుతాంది!" అని కేక వినబడగానే ఇంట్లో చదువుకున్న పిల్లవాడు అన్నం చేతితోనే ఉరికొచ్చి ఎర్ర మీటను టపటపా నొక్కేవాడు. అప్పటికే తెర మీద చిన్న మెసేజ్: ఇన్ని కేబీలు వాడారు, ఇంత కట్ అయింది, ఇంత మిగిలింది. ఇంత పారదర్శకంగా పద్దు చూపించిన సంస్థ ఇంకోటి ఉందా? మునిసిపాలిటీ చూపిస్తుందా?

కొందరు నెలకు 98 రూపాయల ప్యాక్ వేయించుకుని గెలిచామనుకునేవారు. వాళ్ల కోసం యాక్సెస్ పాయింట్ అనేదొకటి, అంటే ఫోను నెట్‌లోకి వెళ్లే గుమ్మం, ఉండేది. సెట్టింగ్స్‌లో అవి రెండు: ఒకదాంట్లోంచి వెళితే ప్యాక్ తరుగుతుంది, రెండోదాంట్లోంచి వెళితే మెయిన్ బ్యాలెన్స్ ఊడుతుంది. పేర్లు చూస్తే కవల పిల్లలు. తప్పు గుమ్మంలో అడుగు పెట్టినవాడికి ప్యాక్ చెక్కుచెదరకుండా ఉండేది, బ్యాలెన్స్ మాత్రం సున్నా. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మీ ప్యాక్ సురక్షితంగా ఉంది సార్" అని ఊరడించేవారు.

కుటుంబ విలువల గురించి ఈరోజు ఉపన్యాసాలు ఇస్తున్నవారు ఒక్క విషయం గమనించాలి. అప్పటి ఫోన్లలో కాల్ వస్తే నెట్ ఆగిపోయేది. రెండూ ఒకేసారి నడిచేవి కావు. నయీంనగర్ రూములో నలుగురు పిల్లలు డేటా కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు అందించే పీసీ సూట్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, 5 ఎంబీ పాటను దించుతున్నారనుకోండి. సెకనుకు 4 కేబీ వస్తే ఇరవై నిమిషాలు దాటే పని. తొంభై శాతం అయ్యాక పరకాల నుంచి అమ్మ ఫోను: "తిన్నవా బిడ్డా? ఏం కూర?" డౌన్‌లోడ్ అక్కడే ఆగేది, చాలాసార్లు మళ్లీ మొదటి నుంచే. పిల్లలు పళ్లు కొరుక్కున్నా అమ్మతో మాట్లాడేవాళ్లు. ఇప్పుడు అమ్మ మాట స్పీకర్‌లో ఒక పక్క, క్రికెట్ ఇంకో పక్క. కూర పేరు అడిగితే స్కోరు చెబుతున్నారు.

భాషాభిమానానికీ అప్పుడే విలువ ఉండేది. ఆ ఫోన్లకు తెలుగు రాదు, అన్నీ డబ్బాలే. ఆపెరా మినీ అనే బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టే చోట ఏదో మంత్రంలా కాన్ఫిగ్ అని టైపు చేసి, లిస్టులో అడుక్కి దిగి, బిట్‌మ్యాప్ ఫాంట్లు అన్న దగ్గర యస్ పెట్టాలి. అప్పుడు ఎక్కడో దూరంగా ఉన్న సర్వరు మన అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. బొమ్మలు కనుక కేబీలు ఎక్కువ. అంటే ఇంగ్లీషు కంటే తెలుగు చదివేవాడికి ఎక్కువ కట్ అయ్యేది. అయినా చదివాడంటే వాడు సిసలైన అభిమాని. తెలుగు మీద ఎవరికి ఎంత ప్రేముందో పైసలతో సహా తేల్చే ఆ పరికరాన్ని పోగొట్టుకుని, ఇప్పుడు వేదికల మీద ఊరికే కన్నీళ్లు కారుస్తున్నాం.

పేద విద్యార్థుల ఆన్‌లైన్ క్లాసుల మాటేమిటని కొందరు అడగవచ్చు. వాళ్లకు మినహాయింపు ఇద్దాం. రైతు మార్కెట్ ధర చూసుకుంటే ఇద్దాం. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్లు లొకేషన్ పంపుకుంటే ఇద్దాం. గద్దెల ముందు దారికి అడ్డం నిలబడి లైవ్ పెట్టేవాడికి మాత్రం డబుల్ రేటు వేయాలి, తరుగు అదనం.

ఈ విషయమై కాజీపేట స్టేషన్ ఎదుట చాయ్ హోటల్లో కూర్చుని వినతిపత్రం తయారుచేశాం. అందరి సంతకాలు పెట్టి స్కాన్ చేస్తే 4 ఎంబీ వచ్చింది. మన సిద్ధాంతం ప్రకారమే పోదామన్నారు పెద్దలు. ఢిల్లీకి మెయిల్ చేయడానికి రూ.40.96 అవుతుంది. ఆ డబ్బులు ఎవరు పెట్టుకోవాలనే దగ్గర మాట మాట పెరిగి, మీటింగ్ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఆ సమాచారాన్ని మా బావ గ్రూపులో పెట్టారు, గులాబీ పువ్వుతో సహా.