ఇండస్ట్రీ యావరేజ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇండస్ట్రీ యావరేజ్ గారి దివ్యసముఖమునకు హెచ్‌ఆర్ విభాగం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ ఏడాది మా సగటు సిబ్బంది 200, మానేసినవాళ్లు 28. అట్రిషన్ 14 శాతం. తమరు, అంటే మా రంగంలోని కంపెనీలన్నిటి సగటు, 15 కాబట్టి చప్పట్లు కొట్టుకున్నాం. పోయినవాళ్లలో పని తెలిసినవాళ్లెందరని అడిగినాయన్ని తమరి స్లైడు చూపించి కూర్చోబెట్టాం.

నిజానికి ఆ 28లో రిటైరైనవాళ్లు, మేమే తీసేసినవాళ్లు 8 మంది. వాళ్లని వదిలేసి లెక్కేస్తే 10 శాతమే. తమరికి అంకెలిచ్చిన కంపెనీలు వాళ్లని కలిపాయో వదిలేశాయో రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో ఉంటుందట. అంత కిందికి ఎవరు చూస్తారు? ఇక 8 మందే ఉన్న చిన్న టీములో ఒక్కరు మానేస్తే పన్నెండున్నర శాతం, ఇద్దరైతే 25. ఆ టీము లీడర్‌ని మాత్రం తమరి 15 పక్కన నిలబెట్టి సంజాయిషీ అడుగుతాం.

ఉద్యోగం భర్తీకి పట్టే రోజులూ అంతే. ఖాళీకి అనుమతి వచ్చిన రోజునుంచి లెక్కిస్తే 60, అభ్యర్థి దరఖాస్తు పెట్టిన రోజునుంచైతే 25. మాకు రెండోదే నచ్చింది.

మా మేనేజర్ల నాయకత్వం స్కోరు సగటున 5కి 4.1. ఒక మేనేజరుకి 4.8, ఇంకొకాయనకి 3.4. తమరి 4.0 దాటాం కదా! ఆ రెండో ఆయన కింద పనిచేసేవాళ్లకి సగటు మేనేజరు ఎక్కడ కూర్చుంటాడో ఇప్పటిదాకా కనబడలేదు, అది వేరే సంగతి.

కాపియర్లు తయారుచేసే జిరాక్స్ కంపెనీ వాళ్లది మరీ చాదస్తం. గిడ్డంగి పని నేర్చుకోవడానికి, కాపియర్లతో ఏ సంబంధమూ లేని, పోస్టులో బట్టలూ బూట్లూ అమ్మే ఎల్.ఎల్. బీన్ కంపెనీ దగ్గరికి వెళ్లారట. అంకె కోసం కాదు, ఆర్డరు వచ్చాక సరుకు ఎలా ఏరుతున్నారో చూడ్డానికి. మేం తమరి అంకెలున్న పీడీఎఫ్ కొంటాం.

మాలోనూ ఓ చాదస్తుడున్నాడు. ముందు లెక్క కట్టే పద్ధతి ఒకటేనా చూడమంటాడు. సగటు బదులు మధ్యస్థం, అంటే వరసగా పేరిస్తే సరిగ్గా నడిమికొచ్చే అంకె, తీయమంటాడు. మన పాత 8 త్రైమాసికాలతో పోల్చుకుని, మొదటి ఏడాదిలోనే మానేసినవాళ్లని మేనేజర్ల వారీగా విడదీయమంటాడు. అలా విడదీస్తే 3.4 ఆయన పేరు బయటికొస్తుంది. ఆయన మా డైరెక్టరు.

ఇట్లు,
తమరి విధేయులు

తా.క.: నిన్న ఇంకో ముగ్గురు రాజీనామా ఇచ్చారు. కలిపితే పదిహేనున్నర అయ్యేది. వాళ్ల ఆఖరి పనిదినాన్ని వచ్చే ఏడాది మొదటి తేదీకి జరిపాం.