సవరణ: థార్ బొగ్గు గురించి

పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం, థార్ ఎడారిలోని గని గురించి ముందు పోస్టులో "17,500 కోట్ల టన్నుల బొగ్గు తవ్వుకోవచ్చు, అక్కడున్నది ఒకే విద్యుత్ కేంద్రం" అని ఉంది. రెండింటినీ ఇలా మార్చి చదవండి.

17,500 కోట్ల టన్నులన్నది 9,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మొత్తం క్షేత్రంలో నిల్వల అంచనా. అదంతా తవ్వి తీయగలిగేది కాదు. పైగా అది సింగరేణి లాంటి బొగ్గు కాదు, తమిళనాడులోని నైవేలి తరహా లిగ్నైట్, అంటే గోధుమరంగు నాసి బొగ్గు. దాదాపు సగం తేమే. అంత నీళ్లున్న సరుకును దూరం మోస్తే దండగ, అందుకే విద్యుత్ ప్లాంట్లను గనుల పక్కనే కట్టారు. బొగ్గు పొరను చేరాలంటే వంద మీటర్లకు పైగా ఇసుక, మట్టి తీయాలి, మధ్యలో తగిలే భూగర్భజలాన్ని తోడుతూనే ఉండాలి. ఎడారిలో ఆ ఉప్పునీటిని ఎక్కడ వదలాలన్నదే పెద్ద తలనొప్పి. గొరానో అనే ఊరి దగ్గర దానికోసం చెరువు కడితే ఊరివాళ్లు రోడ్డెక్కారు.

ఇక ప్లాంట్లు: క్షేత్రాన్ని బ్లాకులుగా విడగొట్టారు. బ్లాక్ 2లో పాకిస్తాన్ కంపెనీ ఎంగ్రో కట్టిన 660 మెగావాట్ల కేంద్రం 2019లో మొదలైంది. చైనా కంపెనీ షాంఘై ఎలక్ట్రిక్ కట్టిన 1,320 మెగావాట్ల కేంద్రం వేరు, అది బ్లాక్ 1లో ఉంది, 2023లో వచ్చింది.