కుడి కనుబొమ్మ మీద మచ్చ కలదు

భక్తి మనసులో ఉంటే చాలదు, చేతిలో కాగితం కూడా ఉండాలి. ఈ మహాసత్యాన్ని సామ్రాజ్యమంతటా అమలు చేసిన ఘనుడు రోమా చక్రవర్తి డెసియస్. ఆయనకు ఏ సచివాలయం ముందూ ఒక్క విగ్రహమైనా లేకపోవడం మన కృతఘ్నతకు నిదర్శనం.

క్రీ.శ. 249లో ఆయన గద్దెనెక్కేనాటికి నాణేల్లో వెండి పలచబడుతోంది, డాన్యూబ్ నది అవతలి నుంచి గోత్ తెగలు విరుచుకుపడుతున్నాయి. దేవతలను ప్రసన్నం చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయని ఏలినవారికి తోచినట్టుంది. అందరూ బలి ఇవ్వాలి, బలిమాంసం రుచి చూడాలి, స్థానిక కమిటీ చేత సంతకం పెట్టించుకోవాలి. ఇదీ ఆజ్ఞ.

అన్య దేవతలకు బలి ఇవ్వడం నిషిద్ధమైన క్రైస్తవులను వేధించడానికే ఇదంతా అని గిట్టనివాళ్లు అంటారు. ఈజిప్టు ఇసుకలో దొరికిన నలభై పైచిలుకు ధ్రువపత్రాల్లో క్రైస్తవుల ఊసే లేదే! 250 జూన్ 26 నాటి పత్రం ఒకటి చూడండి. సతబూస్ కొడుకు డయోజినిస్, వయసు 72, కుడి కనుబొమ్మ మీద మచ్చ. ‘ఎల్లప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు తమ సమక్షంలోనూ ఇచ్చాను, ధ్రువీకరించ ప్రార్థన’ అన్నది దాని సారాంశం. పుట్టుమచ్చల గడి నింపకుండా ఏ పనీ కాని మనకు ఈ పెద్దాయన ఎంత దగ్గరివాడో!

అదే ఈజిప్టులోని అర్సినోయి పట్టణంలో మొసలి దేవుడికి పూజారిణిగా ఉన్నావిడ కూడా దరఖాస్తు పెట్టుకుంది. పూజలే వృత్తిగా బతికే మనిషి, తాను దైవభక్తురాలినేనని కమిటీ ముందు రుజువు చేసుకుంది. మినహాయింపులు మొదలుపెడితే పాలన సాగుతుందా?

ఉత్తరాఫ్రికా నగరం కార్తేజ్‌లోనైతే జనం ఎగబడ్డారు. పొద్దుగూకింది, రేపు రండి అని అధికారులు పంపేస్తుంటే, ఇవాళే కానిచ్చేయండని బతిమాలిన క్రైస్తవులూ ఉన్నారట. ఈ సంగతి బాధపడుతూ రాసింది అక్కడి బిషప్ సిప్రియనే. (ఆయన ఆ రోజుల్లో అజ్ఞాతంలో ఉండి ఉత్తరాలతోనే క్రైస్తవ సంఘాన్ని నడిపారు. అది వేరే విషయం.) ఇంకొందరు బలి ఇవ్వకుండానే నాలుగు డబ్బులు ముట్టజెప్పి పత్రం పుచ్చుకున్నారు. అటు మనస్సాక్షీ చెడలేదు, ఇటు ఫైలూ చెడలేదు. దీన్ని లంచం అనడం కుసంస్కారం, సేవా రుసుము అనాలి.

ససేమిరా అన్నవాళ్లూ లేకపోలేదు. రోమ్ బిషప్ ఫేబియన్ ప్రాణాలే ఇచ్చారు. వృద్ధ క్రైస్తవ పండితుడు ఆరిజెన్‌ను చెరలో చిత్రహింసలు పెట్టారు. నూరు శాతం లక్ష్యసాధనకు అడ్డుపడేది ఇలాంటి మొండిఘటాలే.

251లో డెసియస్ ఆ గోత్ తెగల చేతిలో, ఒక చిత్తడి నేలలో, కొడుకుతో సహా హతమయ్యారు. ఆ పత్రాలు దేవతల దగ్గర చెల్లినట్టు లేదు.

కానీ పద్ధతి చావలేదు. బలి ఇచ్చో, పత్రం కొనుక్కునో విశ్వాసం తప్పిన క్రైస్తవులు తిరిగి సంఘంలో చేరాలంటే ఏం కావాలి? ఇంకో కాగితం! హింసలకు తట్టుకుని నిలబడ్డవాళ్లు క్షమాపణ చీటీలు రాసివ్వడం మొదలుపెట్టారు. కొన్నింటిలో ‘ఫలానావారిని, వారి మనుషులతో సహా, చేర్చుకోండి’ అని ఉండేది. ఆ మనుషులంటూ ఇరవై ముప్పై మంది దిగబడితే ఏం చేయాలని సిప్రియన్ మొత్తుకున్నారు. రేషన్ కార్డులో దూరపు చుట్టాన్ని ఇరికించిన అనుభవం ఉన్నవారెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

రోమ్‌లో నొవేషియన్ అనే మతగురువు మాత్రం ఏ చీటీ తెచ్చినా క్షమించేది లేదన్నాడు. కొత్త బిషప్ కార్నీలియస్‌తో తెగదెంపులు చేసుకుని పోటీ బిషప్ అయ్యాడు. ఆరాధనలో పవిత్ర రొట్టె ఇచ్చేటప్పుడు మనిషి చేతులు పట్టుకుని, మళ్లీ కార్నీలియస్ గుమ్మం తొక్కనని ఒట్టు వేయించుకునేవాడట. చెప్పింది ఆ కార్నీలియస్సే కనుక ఎంత నమ్మాలో మీ ఇష్టం. ఒట్టు వేయించుకున్నాడు సరే, రాతపూర్వకంగా మాత్రం తీసుకోలేదు. పాలనానుభవం లేకపోతే ఇంతే.