రెక్కకీ పొట్టకీ మధ్య వెలసిన సందు గారికి

మహారాజశ్రీ సందు గారి దివ్యసముఖానికి,

టెక్సాస్‌లో ఊరి చివర చిన్న ఎయిర్‌పోర్టులో, అద్దె హ్యాంగర్‌లో, కిట్టు తెచ్చుకుని విమానం కట్టుకుంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ రెక్కలు క్షేమం, పొట్ట క్షేమం. రెండింటి మధ్యా తమరు మరీ క్షేమం. ఎడమ పక్క చిటికెనవేలు పట్టేంత, కుడి పక్క బొటనవేలు పట్టేంత వెడల్పున కొలువుదీరి ఉన్నారు.

తమరి వైభోగం చూస్తే కడుపు మండుతోంది. ఈ విమానాన్ని గాల్లో నిలబెట్టేది రెక్క స్పార్‌ని, అంటే రెక్కకి వెన్నెముకలాంటి దూలాన్ని, పొట్టలోని స్పార్‌తో కలిపే బోల్టులు. వాటిని, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించి, కదిలితే తెలిసేలా నట్ల మీద రంగు గీత కూడా పెట్టాను. ఒక్కడూ వాటి మొహం చూడలేదు. హ్యాంగర్‌లో అడుగుపెట్టిన ప్రతివాడూ తిన్నగా తమరి దర్శనానికే వస్తాడు, వంగి వేలు పెడతాడు, "అదేంటి, ఇంత సందుంది?" అంటాడు. గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా మావగారైతే రెండు వేళ్ళు పెట్టి చూశారు.

"అల్లుడుగారూ, వేలు దూరేచోట గాలి దూరదా? ఓ ఎంసీల్ ముద్ద పెట్టి పారేస్తే పోలా?"

"పెట్టొచ్చు మావయ్యగారూ, కానీ ఏడాదికోసారి పగలగొట్టాలి."

"దానికేముంది, సుత్తి నేను పట్టుకుంటాగా!"

ఆయనకి తమరి జాతకం తెలీదు. ప్రతి రివెట్టు చోటూ అంగుళంలో ముప్పై రెండో వంతు దాకా చెప్పే డ్రాయింగులు తమరి దగ్గరికొచ్చేసరికి చేతులు దులిపేసుకుంటాయి. "మూసే పట్టీని సరిపోయేటట్టు కత్తిరించుకోండి" అంటాయి, అంతే. రెక్కలు తగిలించే రోజున వాటి ముందు అంచుల నుంచి మేస్త్రీల తూకంగుండ్లు వేలాడదీసి, అవి ఒకే వరసలో ఉన్నాయా అని దారం లాగుతాం. తోక నుంచి ఒక్కో రెక్క కొసకీ టేపు పట్టి దూరం సమానమా అని చూస్తాం. రెండు రెక్కలూ ఒకే కోణంలో కూర్చున్నాయా అని డిజిటల్ లెవెల్ పెడతాం. అన్నీ కుదిరాక వెనక స్పార్‌కి ఒకే ఒక్క రంధ్రం. బోల్టు 5/16 అంగుళం. రంధ్రం నడిమధ్య నుంచి లోహపు అంచు దాకా 5/8 అంగుళం, అంటే బోల్టుకి రెట్టింపు, మిగిలి తీరాలి. ఆ డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ హ్యాంగర్‌లో ఎవరూ దగ్గడం కూడా ఉండదు. ఇన్ని కొలతలు కుదరడానికి సర్దుకున్న తేడాలన్నీ చివరికి ఎవరి ఖాతాలో పడతాయి? తమరి ఖాతాలోనే. పోనీ తమరిని అందంగా దిద్దుదామని రెక్కని ఇసుమంత జరిపామా, విమానం బతికినన్నాళ్ళూ ఒక పక్కకి ఒరుగుతూ ఎగురుతుంది.

అలాగని తమరు అమాయకులూ కారు. ఎగిరేటప్పుడు రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. తమరు తెరిచి ఉంటే కింది గాలి పైకి తన్నుకొచ్చి, రెక్క మొదట్లో సాఫీగా సాగే ప్రవాహాన్ని చెదరగొడుతుంది. పైకి లేపే బలం (లిఫ్ట్) కొంత హరీ, వెనక్కి లాగే బలం (డ్రాగ్) అదనం. తమరి మూల ఎంత పొగరుబోతుదో 1930ల్లోనే తేలింది. అమెరికాలో పసాడెనాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయపు గాలిసొరంగంలో థియొడర్ ఫాన్ కార్మాన్ అనే విమానశాస్త్రవేత్త బృందం, రెక్కా పొట్టా కలిసే మూలని వంపు తిరిగిన తొడుగుతో పూడిస్తే తోకని కుదిపేసే సుడులు సద్దుమణుగుతాయని చూపించింది. ఫ్రెంచివాళ్ళు ఆ తొడుగుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బోల్టు బిగించినవాడి పేరుతో ఏదీ లేదు, గమనించారా?

ఇక తమరి భక్తుల్లో శాఖోపశాఖలు. గ్లైడర్లవాళ్ళు నిష్కామయోగులు: పొద్దున రెక్కలు తగిలించి తమరి మీద తెల్ల టేపు అంటిస్తారు, సాయంత్రం పీకేస్తారు. ఫైబర్‌గ్లాస్ శాఖవారు పొట్ట మీద ప్యాకింగ్ టేపు వేసి, దాని మీద ఎపాక్సీలో తడిపిన గుడ్డ పరిచి, ఆరాక శాండ్ పేపర్‌తో తపస్సు మొదలుపెడతారు. అసలు భయం సిలికాన్ శాఖతోనే. హార్డ్‌వేర్ షాపులో ట్యూబు కొని బర్రున పిండేస్తారు. దాన్ని ఆరుతున్నప్పుడు వాసన చూశారా? వెనిగర్ వాసన. అది అసిటిక్ ఆమ్లం, అల్యూమినియాన్ని మెల్లగా కొరుక్కుతింటుంది. పైగా సిలికాన్ తగిలిన చోట పెయింటు నిలవదు. రంగు వేసేవాడు వచ్చి ఆ మరకల్ని చూసి తిట్టే తిట్లు ఉత్తరంలో రాయదగ్గవి కావు.

ఇంత ఆర్భాటమూ బయటికి కనబడే గీత కోసమే. పైన పటారం, లోన లొటారం! లోపల ఐలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలక) రాడ్డు, పెట్రోలు గొట్టం, వైర్లు దూరే చిల్లులు పొట్ట గోడకి అలాగే నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఇంజను పొగగొట్టాలు వదిలేది సరిగ్గా ఆ పొట్ట కిందే. కాక్‌పిట్‌లో ఒత్తిడి కాస్త తగ్గితే చాలు, దొరికిన కన్నంలోంచల్లా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటే రంగూ తెలీదు, వాసనా తెలీదు. ముందు ఆ చిల్లులు మూశాను. డిటెక్టరు ప్యానెల్ మీద పెట్టాను. తమరి వంతు ఆ తరవాతే.

తమరికి నేను ఇవ్వదలచింది ఒక సన్న అల్యూమినియం పట్టీ, దాని అంచుకి రబ్బరు. స్క్రూలు రెక్క వైపే, పొట్ట వైపు అంచు స్వేచ్ఛ. రెక్క గాల్లో వంగుతుంది కాబట్టి రెండు వైపులా బిగించి కట్టేస్తే ఏదో ఒకటి చిట్లుతుంది. రబ్బరు రాసుకుని పెయింటు పోకుండా కింద పారదర్శకమైన టేపు. ఏటేటా తనిఖీకి స్క్రూలు విప్పి లోపలి పెట్రోలు గొట్టం లీకు చూడాలి గనక ఇంతకన్నా గట్టి కాపురం తమరికి రాసిపెట్టి లేదు.

ఇంకొక్క మనవి. ఎగరడానికి సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి మూతలన్నీ విప్పి ఉంచాలి. తమరి పట్టీ, రబ్బరు, స్క్రూలు ఆ రోజు అట్టపెట్టెలో ఉంటాయి. ఆయన లోపలికి టార్చి కొట్టి బోల్టులే చూసి వెళ్ళిపోతాడు. చిన్నబుచ్చుకోకండి. ఫోటోలు తీసేవాళ్ళని ఆ మర్నాడు రమ్మన్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
పట్టీ ఇంకా కత్తిరించని బిల్డరు