మా గుంటల సైకిల్ పందెం కూడా వినోదమేనట!

ఇప్పుడే విజయనగరంలో ఒక ఆఫీసు మెట్లు దిగి వచ్చాను. బీపీ ఇంకా దిగలేదు. ఇందులో మర్యాద తగ్గితే మీరే సర్దుకోండి.

మా వీధి పిల్లలకి ఆదివారం పొద్దున్న సైకిల్ పందెం పెడదామని మైదానం అడగడానికి వెళ్లాం. అందరూ పదేళ్ల గుంటలు. మొదటి బహుమతి టిఫిన్ బాక్సు, రెండోది వాటర్ బాటిలు. కౌంటర్లో ఆయన మా దరఖాస్తుని అటూ ఇటూ తిప్పి, పెన్ను మూతతో చెవి గోక్కుని, "మైకు పెడతారేటి?" అన్నారు. పెడతామన్నాం. "అయితే ఇది ఆటల్లోకి రాదండి, వినోద కార్యక్రమం కిందకొస్తాది. ఎగ్జిబిషన్ రేటు కట్టాల" అన్నారు. ఏటి బాబూ, మా గుంటలు తొక్కుతున్నది సైకిలా, జెయింట్ వీలా?

ఆ మాట వినగానే నాకు ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడా గుర్తొచ్చింది. నవ్వకండి. దేశానికి వచ్చిన ఫార్ములా వన్ కార్ల రేసుని, అదే గ్రాండ్ ప్రీని, వెళ్లగొట్టింది సరిగ్గా ఈ బుర్రే. అక్కడ పెద్ద బల్ల, ఇక్కడ చిన్న బల్ల, అంతే.

అక్కడి రేస్ ట్రాకు హెర్మన్ టిల్కే గీసిన బుద్ధ్ సర్క్యూట్. ఒక ల్యాప్ 5.125 కిలోమీటర్లు, రేసంటే 60 ల్యాపులు. 2011 అక్టోబర్ 30న మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగితే నేను టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. పోల్ (అంటే అందరికన్నా ముందు నిలబడే చోటు) జర్మన్ డ్రైవర్ వెటెల్‌ది, ఫాస్టెస్ట్ ల్యాప్ వెటెల్‌ది, మొదటి ల్యాప్ నుంచి ఆఖరి దాకా ముందున్నదీ వెటెలే. మన నరైన్ కార్తికేయన్ అన్నిటికన్నా వెనకబడే కార్లలో ఒకదాన్ని పట్టుకుని 17వ స్థానంలో బయటపడ్డాడు. అయినా ఇంట్లో ఈలలు నేనే వేశాను. కానీ జనానికి ఏం గుర్తుందీ అంటే ప్రాక్టీసులో ట్రాక్ మీదకి కుక్క వచ్చింది, అది! రేసు గురించి ఎప్పుడు ఎత్తినా మా బావమరిది మొదటి మాట ఆ కుక్కే. ఒరే, ఆ కుక్క ఒక్కటే ఏ అనుమతీ అడక్కుండా లోపలికెళ్లింది, దాన్ని మెచ్చుకోవాలి.

2012లో వెటెల్, 2013లోనూ వెటెలే. ఆ మూడో ఏడాది నాలుగో ప్రపంచ టైటిల్ అక్కడే ఖాయం చేసుకుని, స్టాండు ముందు కారుని గింగిరాలు తిప్పి, దిగి దానికి వంగి దణ్ణం పెట్టాడు. అందుకు అతనికి మందలింపు, టీముకి 25,000 యూరోల జరిమానా. మయూరి జంక్షన్‌లో రాత్రి పదింటికి సైలెన్సర్ పీకేసి అదే పని చేసే మన హీరోలకి ఎవరైనా ఒక్క రూపాయి రాశారా? నేను హెల్మెట్ బకిల్ పెట్టుకోకపోతే మాత్రం ఫొటో తీసి మరీ చలానా పంపుతారు. సరే, అది వేరే గొడవ.

అసలు సంగతికొస్తే, ఫార్ములా వన్ క్రీడ కాదు, వినోదం అని కేంద్ర క్రీడల శాఖ 2009లోనే ముఖం చాటేసింది. తర్వాత వినోదపు పన్ను మినహాయింపు మీద కేసు. మొదటి రేసుకి కొద్దిరోజుల ముందు సుప్రీంకోర్టు టికెట్ల డబ్బులో 25 శాతం విడిగా జమ చేయమంది. కస్టమ్స్, వీసా, ఆదాయపు పన్ను, ఎక్కడ చూసినా కాగితాలే. 2014 క్యాలెండర్లో ఇండియా పేరు లేదు, మళ్లీ రానూ లేదు. 2017లో మాత్రం, ఇక్కడ సంపాదించినదానికి ఫార్ములా వన్ వాళ్లు ఇక్కడే పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లికూతురు వెళ్లిపోయాక కట్నం లెక్క తేలిందన్నమాట.

"జనం రాలేదు కాబట్టి పోయింది" అని కొందరు మేధావులు రాస్తారు. మొదటి ఏడాది 95,000 మంది వచ్చారయ్యా! రెండో ఏడాది 65,000కి పడిపోయిందంటారా, మన ఊళ్లో అంతమంది ఒకచోట చేరాలంటే పైడితల్లమ్మ సిరిమాను తిరగాలి.

ఇక మన తెలుగు రాష్ట్రాల సంగతి. 2003లో చంద్రబాబు గారి హయాంలో హైదరాబాద్ గోపనపల్లిలో ఫార్ములా వన్ ట్రాక్ అన్నారు. 2004లో ప్రభుత్వం మారింది, ట్రాక్ పోయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన 'ఫార్ములా ఈ' అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు, వెర్న్ అనే డ్రైవర్ గెలిచాడు. అదే ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది, 2024 రేసు రద్దయింది. కార్లకి రివర్స్ గేరు ఉందో లేదో గానీ ప్రభుత్వాలకి మాత్రం అదొక్కటే పనిచేస్తుంది.

అయినా వచ్చినా పోయినా హైదరాబాదే కదా! ఉమ్మడి రాష్ట్రంలో ట్రాక్ అంటే గోపనపల్లి, స్టేడియం అంటే గచ్చిబౌలి, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలంటే అదీ హైదరాబాదే. ఉత్తరాంధ్ర ఎందుకున్నట్టు? బస్సులెక్కి వలస పోడానికా?

మనకి ఆటలు తెలియవా? 1936లో ఇంగ్లండ్ వెళ్లిన క్రికెట్ జట్టుకి కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. (ఎలా ఆడారని అడక్కండి. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని టూర్ మధ్యలో ఇంటికి పంపేసిన ఘనత మాత్రం ఆయనదే.) రాజుల్ని వదిలేయండి. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు పతకం ఎత్తింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి వెళ్లింది. మొదట కంచు అన్నారు, గెలిచినమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది వెండి అయింది. ఒక పల్లెటూరి పిల్ల బరువెత్తి కామన్వెల్త్‌లో పతకం తెస్తే, ఆ రోజు ఫ్లెక్సీలో ఆమె ఫొటో కన్నా నాయకుల ఫొటోలే పెద్దవి. పతకం ఎవరు తెచ్చారో పోల్చుకోడానికి కళ్లజోడు కావాల్సొచ్చింది.

కామెంట్లలో "మా పార్టీ వస్తే" అని మొదలెట్టేవాళ్లకి ముందే చెబుతున్నా, బ్లాక్ చేస్తాను. అన్ని పార్టీలనీ కలిపే తిట్టాను. మీది మిగిలిపోయిందనిపిస్తే పేరు రాయండి, రేపు దానికి వేరే పోస్ట్ పెడతా.